కోడిపుంజుతో సహం దాకా

ఒమాన్ నుంచి వచ్చినవాడి భుజాన టేప్ రికార్డర్ వేలాడకపోతే, మా జగిత్యాల తాలూకాలో వాడు ఒమాన్ వెళ్లాడంటే ఎవరూ నమ్మరు. నేను ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. బస్సు దిగినప్పటి నుంచి జనం నా ముఖం మానేసి నా చేతులకేసి చూస్తున్నారు. అందుకని, వెళ్లి వచ్చిన మాట నిజమేనని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఎందుకు వెళ్లానో ముందే చెబుతాను. మాది ఒకప్పటి దొరల కుటుంబం. భూములు కొన్ని చట్టంలో పోయాయి, మిగిలినవి వకీళ్ల ఫీజుల్లో పోయాయి. మా కోటలాంటి గడిని ఎరువుల సొసైటీవాళ్లు గోదాముగా వాడుకుంటున్నారు. వెనకవైపు వంటశాలలో నేనూ నా భార్యా ఉంటున్నాం. మాకు సంతానం లేదు. ఇక మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. అది నాతో ఆగిపోకుండా, చనిపోయిన మా అక్క కొడుకు సుధాకర్‌ను దత్తత తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. వాడు ఒమాన్‌లో సహం అనే ఊళ్లో స్టోర్‌కీపర్. పెళ్లయినవాణ్ని దత్తత తీసుకోవడం మా ఇంట లేదు. కాబట్టి వాడు ఎక్కడా పెళ్లి చేసుకోకముందే వెంటబెట్టుకు రావాలి.

ఆ మాట ఊరంతా తెలిశాక, నేను కబురు చేయకముందే వాడే టికెట్ పంపాడు. "మామా, నువ్వు రావాలె. నువ్వు లేంది పని కాదు" అని కబురు. నేను లేనిదే పని కాదన్న మాట విని చాలా ఏళ్లయింది. షేర్వానీకి ఇస్త్రీ చేయించాను.

అల్ హైల్

విమానాశ్రయానికి వాడు రాలేదు. డ్యూటీ ఉందట. కంపెనీ పికప్ నడిపే ఎల్లయ్యను పంపాడు. ఎల్లయ్య మా ఊరివాడే. వాళ్ల నాయన మా నాయనగారికి గొడుగు పట్టేవాడు. ఇప్పుడు ఎల్లయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఒక చెయ్యి కిటికీ బయట పెట్టి, కూర్చున్న చోటి నుంచే నన్ను పలకరించాడు.

"దా దొరా, ముందట్నే కూసో. ఎన్కల సిమెంట్ బస్తాలున్నయ్."

సిమెంటు లేకపోతే ఎక్కడ కూర్చోబెట్టేవాడో అడగలేదు.

ఆ పూట అల్ హైల్‌లో వాళ్ల రూమ్‌లో దింపాడు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, వాటి నడుమ తాళ్ల మీద లుంగీలు. అందరూ మా వైపువాళ్లే. కోడికూర, అన్నం పెట్టారు. మా ఊళ్లో పండుగనాడు కూడా అంత కూర వండని ఇళ్లవాళ్లు, ఇక్కడ మామూలు రోజున వండుకుంటున్నారు. నన్ను ఏమని పిలవాలన్నది వాళ్లకు పెద్ద చిక్కయింది.

"ఈడ దొర అంటే ఇంజినీరే. ఇద్దరు దొరలంటే గడ్‌బడ్ అయితది" అన్నాడు పై మంచం మీదివాడు.

"రావు సాబ్ అందాం తియ్" అన్నాడు ఎల్లయ్య. "ఏమనుకోకు, దొరా."

ఏమీ అనుకోలేదని చెప్పాను. తినడం సగంలో ఆపి కంచంలో చెయ్యి కడిగేశాను.

నేను నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాణ్ని. ఆ భాషకు ఈ దేశంలో మర్యాద ఉంటుందని ఆశపడ్డాను. ఇక్కడ మలయాళీ నుంచి బలూచీ దాకా అందరూ ఒక హిందీ మాట్లాడతారు. అందులో క్రియ ఉంటే కర్త ఉండదు. నేను ఒక పఠాన్ డ్రైవరును దారి అడిగితే, పూర్తిగా విని, "మౌల్వీ సాబా?" అని లేచి నిలబడ్డాడు. దారి మాత్రం చెప్పలేదు.

అల్ మవాలే

మర్నాడు సుధాకర్ సామాను కొనడానికి అల్ మవాలే వచ్చి, నన్ను తనకు తెలిసిన ఒక కొట్లోకి తీసుకువెళ్లాడు. కొట్టు యజమాని ఖర్జూరాలు పెట్టి, చెంచాడు పట్టే గిన్నెలో చేదు కాఫీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. పోసింది తాగకుండా దించడం మర్యాద కాదని మళ్లీ తాగాను. ఆయన మళ్లీ పోశాడు.

"నువ్వు దత్తత ముచ్చట తియ్యకముందే నా ముచ్చట ఇను మామా" అన్నాడు సుధాకర్. "నేనొక పిల్లను చూసుకున్న. పేరు ఎస్నాటి."

"ఏ ఊరు?"

"మలావి."

"ఏ జిల్లా?"

"జిల్లా గాదు మామా, దేశం. ఆఫ్రికాల. సహంల మా ఇంజినీర్ సాబ్ పిల్లలకు ఆయా. చదువుకున్నది."

ఇంకో గిన్నె తాగాను. ఈసారి కాఫీ చేదు తెలియలేదు.

"మరి నన్నెందుకు పిలిచినవ్ రా? చేసుకొని చెప్తే సరిపోతుండె."

"వాళ్లల్ల మేనమామ లేంది పెండ్లి కాదు. తండ్రి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రెండు దిక్కుల మేనమామలు కూసొని ఒప్పుకోవాలె. ఆమె మేనమామ ఈడనే ఉన్నడు, అదే ఇంట్ల వంట చేస్తడు. నీ కోసమే ఆగిన్రు."

"నేను కాదంటే?"

"కాదు" అన్నాడు, కాఫీ గిన్నెలోకి చూస్తూ. "'మీ మామ ఒప్పుకోంది చేసుకోను' అన్నది ఆమె."

"ఒప్పుకుంటే? జగిత్యాలల కాపురమా?"

వాడు ఖర్జూరం గింజ తీసి పక్కన పెట్టాడు. "వాళ్లల్ల పిల్లగాడే పిల్ల ఊరికి పోయి ఉంటడు, మామా."

ఇల్లరికం! మా వంశంలో అన్నం లేనివాళ్లు ఉన్నారు, అప్పుల్లో పోయినవాళ్లు ఉన్నారు. ఇల్లరికం పోయినవాడు మాత్రం లేడు. ఈ మాట పైకి అంటుండగా కొట్టు యజమాని మళ్లీ కాఫీ పోశాడు. సుధాకర్ నా చేతిలోంచి గిన్నె తీసుకుని, అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు. చాలు అనడానికి అలా ఊపాలట. నోటితో ఎంత మర్యాదగా వద్దన్నా లెక్కలేదు. ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే కాఫీ విషయంలో బాగుండేది, తరువాత జరిగిన విషయంలో నాకు అది గుర్తున్నా బాగుండేది.

చూద్దాం అన్నాను వాడితో. లోపల మాత్రం తేల్చేసుకున్నాను. సహం వెళ్లి, ఆ వంటవాడి ఎదుట కూర్చుని, మర్యాదగా కాదని చెప్పి, వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లిపోవడం.

సహం దారి

సుధాకర్ కంపెనీ బస్సులో ముందు వెళ్లిపోయాడు. నేను ఎల్లయ్య పికప్‌లో బయలుదేరాను. కుడివైపు సముద్రం, ఎడమవైపు దూరంగా బూడిదరంగు కొండలు, నడుమ ఖర్జూరపు తోటలు. తారు ఇంకా కొత్తది. దాని మీద మేకలు తమ కోసమే వేశారన్నట్టు పడుకుంటాయి. ఎల్లయ్య హారన్ కొట్టడు, దిగి వెళ్లి బతిమాలుతాడు. మేకకు దెబ్బ తగిలితే దాని యజమాని ఎక్కణ్నించో పుట్టుకొస్తాడట.

పెళ్లికొడుకు మేనమామ పుంజును, పెళ్లికూతురు మేనమామ పెట్టను తేవాలని సుధాకర్ చెప్పి వెళ్లాడు. సొంత చేతులతో తేవాలట. దారిలో ఒక సంతలో ఆపించి ఎర్ర పుంజును కొన్నాను. అమ్మినావిడ ముఖానికి ముసుగు, వేళ్లు మాత్రం రెండు చూపించింది. రెండు రియాళ్లు ఇచ్చాను.

"ఒక్క రియాల్‌కు ఇస్తుండె" అన్నాడు ఎల్లయ్య.

"బేరమాడుడు మా ఇంట్ల లేదు."

"గందుకే ఇల్లు గూడ లేదు" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నా ఉద్దేశం దారిలోనే వాడికి చెప్పేశాను. కొంతదూరం పోయాక మళ్లీ అడిగాడు. "కాదని చెప్పనీకె పోతున్నవ్ గద, మరి పుంజెందుకు?"

"కాదని చెప్పేటోడైనా ఉత్త చేతులతోటి ఒకరి గడప తొక్కడు."

పెట్రోలు పంపు దగ్గర నేను తలుపు తెరవగానే పుంజు దూకింది. ఎల్లయ్య, పంపు దగ్గరి బలూచీ, షేర్వానీలో నేను, ముగ్గురం దాని వెంట పడ్డాం. చివరికి అది ఒక లారీ కింద నాకే దొరికింది. లేచేసరికి నా మోకాళ్ల నుంచి ఛాతీ దాకా నూనె. లారీలోని సిక్కు డ్రైవరు కిందికి చూసి, ఎంతో గౌరవంగా, "వంటవాడా?" అని అడిగాడు.

సహం: ఫిరి వంటగది

ఫిరి గారు, అంటే ఎస్నాటి మేనమామ, వంటగది గుమ్మంలో నన్ను చూసి మోకాళ్లు కొద్దిగా వంచి, అరచేతులు గుల్లగా చేసి, మెత్తగా రెండుసార్లు చప్పుడు చేశాడు. వాళ్ల నమస్కారం అది. అరవై దాటిన మనిషి, నిటారు నడుము, తెల్ల చొక్కాకు మెడ దాకా గుండీలు. నన్ను చూస్తే నూనె మరకలు. మా ఇద్దరిలో దొర ఎవరో అక్కడ ఎవరైనా పొరబడి ఉండేవారు.

ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. కాని పెళ్లి మాట ఇంగ్లీషులో ఎత్తనన్నాడు.

"ఇంగ్లీషులో నేను ముప్పై ఏళ్లు సూపు గురించి మాట్లాడాను. ఈ మాటకు అది పనికిరాదు."

నీళ్లు పోసి ముందు నా చేతులు కడిగించి, వాళ్ల అన్నం పెట్టారు. తెల్ల మొక్కజొన్న పిండిని ఎసట్లో పోసి గట్టిగా తిప్పిన ముద్ద. పేరు న్సిమా. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసింది. అది మక్క గట్క. మా గడిలో జీతగాళ్లకు వండేవారు. నేను ఎన్నడూ తినలేదు. ఎల్లయ్య గుమ్మం దగ్గర కూర్చుని రెండోసారి పెట్టించుకుంటూ, "రావు సాబ్, ఎట్లుంది మన గట్క?" అన్నాడు. బాగుందని చెప్పవలసి వచ్చింది. బాగుంది కూడా.

వడ్డించింది ఎస్నాటి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నాకు మోకాళ్ల మీద కూర్చుని గిన్నె అందించింది. ఆ పని అవగానే లేచి మేనమామతో పోట్లాట పెట్టుకుంది. దేని గురించి అంటే, వాళ్ల భాష పేరు గురించి.

ఆమెది మలావిలో లిలోంగ్వే దగ్గరి పల్లె. తన భాష పేరు చిచేవా అంటుంది. ఆ పేరును సర్కారు ఖాయం చేసి పదేళ్లు కూడా కాలేదట. ఫిరి గారు పుట్టింది అక్కడే అయినా బతుకంతా పక్క దేశం జాంబియాలో, లుసాకా పట్నంలో గడిచింది. ఆయన అదే భాషను న్యాంజా అంటాడు. న్యాంజా అంటే చెరువు, పెద్ద సరస్సు. మొజాంబిక్ వైపు కూడా ఆ భాష ఉందట, అక్కడా పాత పేరే.

"మామయ్యది బస్టాండు భాష" అంది ఎస్నాటి ఇంగ్లీషులో, నాకు అర్థం కావాలని. "సగం ఇంగ్లీషు, పావు అక్కడి బెంబా భాష. మిగిలిన పావు మర్చిపోయాడు."

"నీది రేడియో భాష. వార్తలు చదువుతున్నావా, నన్ను పిలుస్తున్నావా తెలియదు."

ఇది విని నాకు నవ్వు ఆగలేదు. మా రాష్ట్రాలు కలిపినప్పుడు బెజవాడ నుంచి వచ్చిన తహశీల్దారు ఒకాయన, నేను మాట్లాడుతుంటే తన గుమాస్తా వైపు తిరిగి, "ఏమంటున్నారు?" అని అడిగాడు. నేను తెలుగే మాట్లాడుతున్నాను. మా తాతలు ఆ భాషలోనే శిక్షలు వేశారు. రేడియోలో రాని తెలుగు తెలుగు కాదని ఆరోజు తెలిసింది. ఆఫ్రికాలో కూడా రేడియో ఉన్నదని ఈరోజు తెలిసింది.

ఈ జగడంలోకి మూడోవాడు వచ్చాడు. సలీం, సహంలో కిరాణా కొట్టు ఉన్న ఒమానీ. ఆయన పుట్టింది మలావి సరస్సు ఒడ్డున. వాళ్ల తాత అక్కడ వ్యాపారం చేసేవాడట. సలీం మాట్లాడేది ఒడ్డు యాస, నడుమ నడుమ స్వాహిలీ. ఆయన నోరు విప్పగానే మామా కోడలూ తమ పోట్లాట మాని, ఒక్కటై ఆయన మీద నవ్వారు.

"మీ తాతగారు అక్కడ ఏం వ్యాపారం చేసేవారు?" అని అడిగాను. సలీంకు హిందీ వచ్చు.

"ఏనుగు దంతం" అన్నాడు.

ఫిరి గారు గరిటె కడుగుతూ, "దంతాన్ని మోయడానికి మనుషులు కావాలి కదా" అన్నాడు. "మోశాక మనుషుల్ని కూడా అమ్మేవారు. వాళ్ల తాత మా తాతను అమ్మలేదంటే, మా తాత వేగంగా పరిగెత్తాడు కాబట్టి."

సలీం తల దించుకుని టీ తాగాడు. ఆ టీ ఫిరి గారు ఇచ్చిందే. గుమ్మం దగ్గర ఎల్లయ్యకు సంగతేమిటో చెప్పాను. వాడు గట్క నములుతూ నన్నే చూశాడు. "గీ ముచ్చట నాకు ఎరికే, దొరా" అన్నాడు. ఒమాన్ వచ్చాక వాడు ఆ దొర అన్న మాటను అంత స్పష్టంగా పలకడం అదే మొదలు.

తిన్నాక ఫిరి గారికి దత్తత సంగతి చెప్పాను. ఆయనకు ఎంతకీ బోధపడలేదు. వాళ్లలో మనిషి వారసుడు అక్కచెల్లెళ్ల కొడుకే. సొంత పిల్లలు భార్య వైపు పోతారు.

"సుధాకర్ మీ అక్క కొడుకు. పుట్టినప్పుడే మీవాడు. మీవాణ్ని మీరు మళ్లీ ఎలా తెచ్చుకుంటారు?"

సంతానం లేదని ఇరవై ఏళ్లు నేను మొక్కని దేవుడు లేడు. ఇక్కడ ఒక వంటవాడు గరిటె తుడుచుకుంటూ, నాకు వారసుడు ఎప్పటి నుంచో ఉన్నాడంటున్నాడు.

"మరి వాడి పిల్లలు?" అన్నాను.

"వాళ్లు మావాళ్లు" అన్నాడు చల్లగా.

ఇచ్చిన చేత్తోనే తీసుకోవడం అంటే ఇదే. నా నిర్ణయం ఇంకా గట్టిపడింది.

సలీం వాకిలి

శుక్రవారం మధ్యాహ్నం సలీం ఇంటి వాకిట్లో, ఈత మట్టల దడి నీడన చాపలు పరిచారు. నా మాటను వాళ్ల భాషలో చెప్పేది సలీమే. ముందుగా పక్కకు తీసుకుపోయి, నేను చెప్పబోయేది కాదన్న మాట అని ఆయనకు చెప్పాను. ఉర్దూలో మంచి మాటలు కూర్చుకున్నాను. పిల్లలో లోపం లేదని, మా వంశం పరిస్థితి అటువంటిదని, క్షమించమని.

సలీం గడ్డం గోక్కున్నాడు. "చెప్పమన్నది చెబుతా బడే సాబ్. నా మాట కలపను."

ఫిరి గారు నల్ల కోటు వేసుకుని, చంకలో పెట్టతో వచ్చాడు. ఒక పక్క ఎస్నాటి, సలీం భార్య. ఇంకో పక్క సుధాకర్, దడి దగ్గర ఎల్లయ్య. నా చేతిలో పుంజు. దాన్ని పట్టుకుని ఉపన్యాసం ఇవ్వడం కుదిరే పని కాదు. మా వైపు ఎంత తగువుకు వెళ్లినా, తెచ్చినదాన్ని ముందు ఎదుటివాళ్ల పెద్ద చేతికి ఇచ్చి, తరువాతే నోరు విప్పుతాం. అలాగే రెండు చేతులతో పుంజును ఫిరి గారికి అందించాను. ఆయన అందుకుని, పెట్టను నా చేతుల్లో పెట్టాడు.

నేను గొంతు సవరించుకున్నాను. అంతలో సలీం భార్య నాలుక ఆడిస్తూ పెద్ద కూత వేసింది. ఎస్నాటి అరచేతులు గుల్లగా చేసి చప్పుడు మొదలుపెట్టింది.

"ఏమైంది?" అన్నాను సలీంతో.

"అయిపోయింది బడే సాబ్. పెళ్లి ఖాయమైంది."

"నేనింకా మాట్లాడలేదు!"

"మాట తరువాతిది. పుంజు ఇచ్చారు, పెట్టను పుచ్చుకున్నారు. వాళ్లకు అదే ఒప్పుకోవడం." తరువాత గొంతు తగ్గించాడు. "ఇంకో దారి ఉంది. మీ చేత్తో ఆయన చేతిలోంచి పుంజును వెనక్కి తీసుకోండి. అప్పుడు కాదన్నట్టే. ఇంకెవరూ ఏమీ అడగరు."

ఫిరి గారు పుంజును కోటుకు ఆనించి పట్టుకుని, నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. దాన్ని అందుకోవడానికి నేను చెయ్యి చాస్తే చాలు. సుధాకర్‌కు సంగతి అర్థమైపోయింది. నా ముఖం చూసి కాదు, నా చెయ్యి చూసి. వాడు బతిమాలలేదు. చిన్నప్పుడు మా అక్క కూడా అడగవలసింది అడగకుండా అలాగే నిలబడేది. ఎస్నాటి చేతుల చప్పుడు ఆగిపోయింది.

కష్టకాలంలో మా నాయనగారు, తాను దానమిచ్చిన పొలం గట్టు మీదుగా ఆకలితో నడిచి వెళ్లేవారు. అటు తిరిగి కూడా చూసేవారు కాదు.

"ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం మా ఇంట లేదు" అన్నాను.

"ఇది తర్జుమా చెయ్యనా?" అన్నాడు సలీం.

"చెయ్యి."

సలీం తన ఒడ్డు యాసలో చెప్పాడు. ఎస్నాటి మధ్యలో అందుకుని, అలా కాదంటూ రేడియో భాషలో దిద్దింది. ఫిరి గారు ఇద్దరినీ ఆగమని, లుసాకా బస్టాండు భాషలో ఇంకోసారి చెప్పాడు. కాసేపు ముగ్గురూ నా మాటను పట్టుకుని పోట్లాడుకున్నారు. నేను మాట్లాడితే ఏమన్నారని గుమాస్తాను అడిగిన తహశీల్దారు గుర్తొచ్చాడు. ఆయన అక్కడ ఉంటే బాగుండేది.

"మూడు రియాళ్ల పుంజు, అచ్చొచ్చింది" అన్నాడు దడి దగ్గర ఎల్లయ్య.

"రెండే" అన్నాను.

సీబ్

పెట్టను విమానం ఎక్కించరు. ఎల్లయ్యకు ఇచ్చాను. కోసుకోవద్దని చెప్పాను. "గుడ్లు పెట్టినన్ని రోజులు కోయ దొరా" అన్నాడు. అంతకంటే ఎక్కువ హామీ వాడి దగ్గర ఎవరికీ దొరకదు.

సీబ్ విమానాశ్రయానికి సాగనంపడానికి సుధాకర్, ఎస్నాటి వచ్చారు. ఎస్నాటి మోకాళ్లు వంచి, "మలూమె" అని పిలిచి, అరచేతులతో చప్పుడు చేసింది. మలూమె అంటే మేనమామ. మా ఊళ్లో నా ఎదుట మోకాళ్లు వంచినవాళ్లు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. వాళ్లలో ఎవరికీ తిరిగి నమస్కారం పెట్టవలసిన పని నాకు పడలేదు. ఇప్పుడు పడింది. నేనూ చేతులు కలిపి కొట్టాను. చప్పట్లలా మోగింది, నాటకం చూసి కొట్టినట్టు. ఆమె నవ్వి, నా అరచేతులు పట్టుకుని గుల్లగా వంచి, మళ్లీ కొట్టమంది. ఈసారి వచ్చింది.

ఇంటికి వచ్చిన మర్నాడే సొసైటీ గుమాస్తా యూరియా బస్తాల మీద నుంచి పిలిచాడు.

"దత్తతకు అల్లుణ్ని తెస్తనని పోతివి గద. ఏడి?"

"ఇచ్చి వచ్చిన."

"ఇస్తే మరి తెచ్చిందేంది? టేప్ రికార్డర్ గూడ లేకపాయె."

"కోడిపెట్ట. అది గూడ ఆడనే ఉన్నది."

వాడు బస్తా మీద పడి నవ్వాడు. సాయంత్రానికి ఊరంతా నవ్వింది. నవ్వుకోనీ. సంజాయిషీ చెప్పుకోవడం మా ఇంట లేదు. ఇది సంజాయిషీ కాదు, యాత్ర.